గోధుమ రెక్కల పరీక్ష

...సీతాకోకచిలుక రెక్క మీది కంటిమచ్చలో తెల్లచుక్క ఒకటే ఉంటే మెడో బ్రౌన్, రెండుంటే గేట్‌కీపర్, ఇంత చిన్న సంగతి బుర్రకెక్కదా నీకు అని నిరుడు వేసవంతా ఆల్విన్ సాధిస్తూనే ఉన్నాడు, సాధించనీ, ఈ రోజు రమ్మని బతిమాలిందీ అతనే, కానీ గ్వెండా పొలాల్లోకి వచ్చింది సీతాకోకచిలుకల కోసం కాదు, అన్న కళ్ల కోసం, మొన్న కారు నడుపుతూ మలుపులో సైకిల్ మీది పాపని వెంట్రుకవాసిలో తప్పించి, ఎండ కళ్లలో కొట్టిందే గ్వెన్ అన్నాడు, ఆ పొద్దు ష్రాప్‌షైర్ జిల్లా అంతటా ఎండ పొడే లేదు, రేపేమో పక్కింటి పిల్లల్ని కారులో ఈతకి దింపుతానని తన ఎదుటే మాటిచ్చేశాడు, అందుకే ఇవాళే తేలాలి, చూపు లేదని తేలితే తాళాలు లాక్కోవాల్సింది తనే, వాళ్లిద్దరికీ ఒకరికొకరు తప్ప ఎవరున్నారు గనక.

గడ్డి మీద బద్ధకంగా తేలుతూ ఒకటి, మెడో బ్రౌన్ అన్నాడు, నిజమే, సన్నటి తుంపర మొదలైంది, ముదురు రంగుది ఒకటి గంతులేస్తూ పోయింది, రింగ్లెట్, వానలో షికారు కొట్టేది అదీ, బతికున్నన్నాళ్లూ మన డిలిస్ అత్తా అన్నాడు, గ్వెండాకి నవ్వొచ్చింది, నవ్వుతోపాటే గుండెల మీది బరువు దిగింది, బాగానే కనిపిస్తోంది వెధవకి, అనవసరంగా రాత్రంతా నిద్ర చెడగొట్టుకుంది, అంతలో తుంపర ఆగి ఎండ వచ్చింది, ముళ్లపొద పూల మీద ఒకటి వాలింది, చెప్పవే మొద్దూ, ఒకటా రెండా అన్నాడు, రెండు అంది, శభాష్, గేట్‌కీపర్, మొత్తానికి ఒక ముక్క వంటబట్టింది నీకు.

అది లేచి ఆల్విన్ మోచేతి మీదే వాలింది, నారింజ రెక్కలు బార్లా చాపుకుని, ఎటు పోయిందే అన్నాడు, కోడి గింజను చూసినట్టు తల పక్కకి వాల్చి పొదంతా వెతుకుతున్నాడు, నీ చేతి మీదే ఉంది ఆల్విన్ అంది, ఏ చేతి మీద అన్నాడు.

ఏ చేతి మీద, దేవుడా, అయితే ఎగిరేవాటిని ఎగిరే తీరుని బట్టి చెబుతున్నాడు, వాలినదాన్ని చూడలేడు, ఒకటా రెండా అన్నది పాఠం కాదు, నిరుడంతా చెల్లెలి కళ్లు అరువడిగాడు, రోడ్డు పక్కన కదలకుండా నిలబడ్డ పిల్ల ఎగరదుగా, ఎగిరి నేనిక్కడున్నానని చెప్పదుగా, ఇప్పుడెలా చెప్పడం, ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషికి, కారు లేకపోతే ఈ పొలాలకి కూడా రాలేని మనిషికి, చెబితే అరుస్తాడు, అరిచినా బాగుణ్ణు, అరవకపోతేనో.

కారు దగ్గరికి వచ్చేశారు, ఆల్విన్ తాళాలు బానెట్ మీద పెట్టి, తను నడిపే వైపు కాక ఎడమ తలుపు దగ్గరికి పోయి నిలబడ్డాడు, బూట్లకి లేని బురదని చక్రానికేసి కొడుతున్నాడు, తలెత్తడు, కొడుతూనే ఉన్నాడు, ఏంటే అలా చూస్తావు అన్నాడు నేలకేసి చూస్తూనే, అప్పుడు అర్థమైంది గ్వెండాకి, పిల్లల్ని తీసుకెళ్తానన్న మాట తన ఎదుటే ఎందుకిచ్చాడో, ఇవాళ పొలాలకి రమ్మని అంతగా ఎందుకు బతిమాలాడో, తాళాలు తనంతట తను ఇవ్వలేడు, ఎవరైనా లాక్కోవాలి, ఆ ఎవరైనా గ్వెండాయే కావాలని చాలా రోజులుగా ఎదురుచూస్తున్నాడు.