సాలీడుకు పెట్టిన పేరు

పొద్దున్నే కాఫీకి పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగేలోపల సుంకులమ్మ బొద్దింకలు పట్టాలి. నీళ్ళ బాన కిందా, చక్కెర డబ్బా వెనకా వెతికి పట్టి, వంటింటి గూట్లోని గాజు సీసాల్లో వేయాలి. ఒక్కో సీసాలో అరచేతంత బొచ్చు సాలీడు. ఆదోని కొండల్లో రాళ్ళ కింది బొరియలు తవ్వి వాటిని తెచ్చేది మొగుడు పెద్దయ్య, కాలేజీలో జువాలజీ లెక్చరరు. బతికించేది ఆమె.

"పురుగులకు మేతేసే కోడల్ని యాడా సూడలేదమ్మా," అని అత్త ఉచ్చీరమ్మ వీధంతా చెప్పుకుంది. ఆ కోడలు కూడా జువాలజీయే చదివిందని మాత్రం ఎవరికీ చెప్పలేదు. పెళ్ళైన ఏడే ఎమ్మిగనూరు బడిలో సైన్సు టీచరు ఉద్యోగం వస్తే, "ఇద్దరమూ పోతే ఇల్లెవరు సూస్తారు?" అన్నాడు పెద్దయ్య. ఆ మాటతో ఉద్యోగం పోయింది, కొన్నాళ్ళకు ఇంట్లోకి సాలీళ్ళు వచ్చాయి.

ఒకరోజు ఒక సాలీడు కుబుసం విడిచింది. అన్నం ఉడికేలోగా సుంకులమ్మ ఆ కుబుసాన్ని మొగుడు కాలేజీ నుంచి తెచ్చిన మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. బెదిరిస్తే ఈ సాలీళ్ళు బుస్సుమంటాయి. ఆ చప్పుడు కోర మొదట్లో ఉండే గట్టి వెంట్రుకల రాపిడిది. ఈ రకం సాలీళ్ళకు అవి పుల్లల్లా ఉంటాయని పుస్తకంలో ఉంది. దీనికి గరిటెల్లా ఉన్నాయి. ఆమె మొగుణ్ణి పిలిచింది.

"ఇది పుస్తకంలోని ప్రజాతి కాదండీ. వేరే."

"పోపు మాడుతాండాది, ముందు అది సూడు," అన్నాడు పెద్దయ్య. వారం గడిచాక తనే వచ్చి, "ఆ వెంట్రుకలేవో సూపియ్యి," అని అడిగాడు. అప్పటినుంచి రెండు వానాకాలాలు ఆమె కాళ్ళూ కళ్ళూ కోరలూ కొలిచి బొమ్మలు గీసింది. ఆయన ఇంగ్లీషులో వ్యాసం రాశాడు.

ఎనభై నాలుగులో ఒక ఆదివారం పెద్దయ్య మిఠాయి పొట్లంతో వచ్చాడు. వెంట తోటి లెక్చరరు నరసప్ప.

"వ్యాసం అచ్చయింది! కొత్త ప్రజాతికి, ఇంటిపేరు మాదిరి, మన ఊరి పేరు. జాతికి ఎవరి పేరో చెప్పుకో సూద్దాం. నీదే!"

"సుంకులమ్మది అనేదాన్ని లాటిన్‌లో సుంకులమ్మే అంటారు వదినా," అన్నాడు నరసప్ప. సుంకులమ్మే. తెలుగులో చదివితే, చేసింది ఆమే అని ఒప్పుకున్నట్టుంది. ఆమెకు కళ్ళు చెమర్చాయి.

"ఆడది బొరియ దాటి బయటికే రాదు కదా. మీ పేరు అతికినట్టు సరిపోయింది," అని నవ్వాడు నరసప్ప. పెద్దయ్యా నవ్వాడు.

"రాసినోళ్ళు ఎవరని వేసినారు?"

"నేనూ, నరసప్పా."

"ఆయన ఒక్క సాలీణ్ణి కూడా ముట్టలేదు కదండీ!"

"టైపు కొట్టించినాడు కదా. నీ పేరు పురుగుకు పెట్టినాక రాసినోళ్ళలో ఎట్లా పెడతాం? నీ పేరు నువ్వే పెట్టుకున్నట్టయితాది. లోకం నవ్వదా?"

మర్చిపోయి వదిలేశారనుకుంటే సుంకులమ్మ ఓర్చుకునేదే. కానీ ఆమెను బయట ఉంచడానికే ఆమె పేరు వాడారు. అచ్చయిన జాతి పేరుకు ఇక మార్పు లేదు. లోకంలో ఏ పుస్తకం తెరిచినా సుంకులమ్మే, ఆ పేరు వెనక ఈ ఇద్దరు మగవాళ్ళ పేర్లు. చేతిలోని మిఠాయి ఎప్పుడు నలిగి పొడైందో ఆమెకు తెలియలేదు.

ఆమె చెయ్యి దులుపుకుని అంది, "మీరు రాసింది ఆడదాని గురించే. మగది ఇంకా దొరకలేదు."

"వానలు పడనీ, బయటికొస్తాది. బొమ్మలు నువ్వే గీద్దువులే."

"బొమ్మలు గీస్తాను. వ్యాసమూ నేనే రాస్తాను. మగదాన్ని సూడకుండా ప్రజాతి గట్టిగా నిలవదని మీకూ తెలుసు. మీది నిలుస్తాదో లేదో నేనే చెబుతాను."

పెద్దయ్య నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

మొదటి వాన వెలిసిన సాయంత్రం ఆమె పొయ్యి ఆర్పి, పక్కింటి బడేబీని తోడు పిలిచి, ఖాళీ సీసా చంకన పెట్టుకుని గడప దాటింది. అరుగు మీద ఇరుగుపొరుగుతో కూర్చున్న ఉచ్చీరమ్మ అరిచింది.

"పొద్దుగూకినాక యాడికే?"

సుంకులమ్మ వెనక్కి తిరక్కుండానే, వీధి మొత్తానికీ వినిపించేలా చెప్పింది.

"మగదాన్ని ఎతకను పోతాండా అత్తా."