తెల్లబోయిన మబ్బు

మా హేమమాలినికి స్కూలు పాటల నాటకంలో మబ్బు వేషం ఇచ్చారని మా ఆవిడ పైడితల్లి చెప్పినప్పుడు నాకు ఒళ్లు మండింది. వాన కురవని రాజ్యం కథ అది. రాజు, యువరాణి, పూలమ్మే పిల్లలు, అందరూ బర్మా పిల్లలూ చీనా పిల్లలూ. మబ్బు మాత్రం మా పిల్ల. ఎందుకో తెలుసుకోవడానికి చదువక్కర్లేదు. ఆరో తరగతిలో నాకు కాకి అని పేరు పెట్టారు. ఆ పేరు మోయలేకే బడి మానేసి, లత పేటలో ఒక ఫొటో స్టూడియో ఊడవడానికి చేరాను. ఇప్పుడు ఆ స్టూడియో నాదే. అయితే ఏం లాభం, అందరి చేతుల్లోనూ ఫోనులున్నాయి.

"నల్లగున్నావనే గదా నీకిచ్చారు?" అన్నాను.

"ఇవ్వడమేటి? నానే అడిగాను," అంది హేమ. "అన్నిట్లోకీ మంచి పాట మబ్బుదే. నీకేటి తెల్సు నాన్నా!"

నేను నమ్మలేదు. నా మనసు నొచ్చుకోకుండా అబద్ధమాడుతోందనుకున్నాను.

ఫొటోలు తీసే పని కూడా హేమే వాళ్ల టీచరమ్మ డా న్వేతో మాట్లాడి నాకు ఇప్పించింది. బర్మావాళ్లు గౌరవానికి ఆడవాళ్ల పేరు ముందు డా అనీ, మగవాళ్ల పేరు ముందు ఊ అనీ చేరుస్తారు. పాడిన పిల్లలందరి ఫొటోలూ పెద్దవి చేయించి మేడమెట్ల పక్క గోడకి తగిలిస్తారట. "నాది బాగా తియ్యి. రోజూ ఆ మెట్లే ఎక్కాల," అని మరీ మరీ చెప్పింది.

స్కూలుండే సంచౌంగ్ పేటలో ఈ గొడవల రోజుల్లో చీకటి పడితే జనం బయటికి రారు కాబట్టి నాటకం మధ్యాహ్నమే పెట్టారు. కిటికీలకి నల్లగుడ్డలు కట్టారు. పెరట్లో జనరేటర్ రొద. స్టేజి దీపాలు ఫొటోలు తీసేవాళ్లకి శత్రువులు. ఎర్రది పడితే ముఖం కాలినట్టుంటుంది, నీలం పడితే శవం. కెమెరాలో యువరాణికి వెలుగు సరిపెడితే మా పిల్ల చీకట్లో కలిసిపోతుంది. మా పిల్లకి సరిపెడితే యువరాణి సున్నం కొట్టిన గోడ అయిపోతుంది.

హేమ పాట ఎత్తుకునేసరికి హాల్లో చంటిపిల్లలు కూడా ఊరుకున్నారు. పక్కనుంచి పసుపు దీపం. నల్లటి చెంప మీద చెమట, ఆ చెమట మీద వెలుగు. యువరాణి ఏమైపోతే నాకేం, మా పిల్లకే సరిపెట్టి నొక్కాను. అంత మంచి ఫొటో నేనెప్పుడూ తీసి ఎరగను.

అయినా దుకాణానికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంటే చెయ్యి ఊరుకోలేదు. మన తెలుగువాళ్ల పెళ్లి ఫొటోలకి నేను చేసే మొదటి పని ముఖాలు తెల్లబరచడం. చెయ్యమని ఎవరూ అడగరు. చెయ్యకపోతే మాత్రం, "మా పిల్లని బొగ్గుని సేసీసేవేటి బాబూ!" అని పెళ్లికూతురి తల్లి దుకాణం మీదకొస్తుంది. అలవాటైన పని. హేమ ముఖం మీద ఇంకాస్త ఎక్కువే చేశాను. మబ్బు వేషం కట్టించారుగా, చూడండి మా పిల్లని అనుకున్నాను. కంప్యూటర్‌లో జాగా తక్కువ. అసలు ఫొటో మీదే సేవ్ చేసి, కెమెరా కార్డు ఖాళీ చేసెయ్యడం నా పద్ధతి.

ఫొటోలు నేనే తీసుకెళ్లి మెట్ల గోడకి తగిలించాను. బెల్లు కొట్టగానే పిల్లలు మూగారు.

"ఒరే, మబ్బు తెల్లబడిపోయింది రోయ్! ఇంక వాన పడ్డట్టే!" అన్నాడొకడు బర్మా భాషలో. మెట్లన్నీ ఒకటే నవ్వు.

డా న్వే వాళ్లని తరిమేసి, కళ్లద్దాలు పెట్టుకుని చూసింది. "ఊ జోగీ, మిగతా పిల్లల్ని ఉన్నట్టే ఉంచారు. ఈ అమ్మాయినొక్కదాన్నే ఎందుకు మార్చారు?" అని మెల్లగా అడిగింది. తిట్టినా బాగుండేది.

"దీపాల వల్లండీ," అన్నాను.

వెనక్కి తిరిగితే కింది మెట్టు మీద హేమ. అదెప్పుడొచ్చిందో.

"ఆలేటన్నా అననీ నాన్నా," అంది, మన భాషలో, నాకొక్కడికే వినపడేలా. "నీకూ నాను బాగోనేదా?"

గోడ మీది ఫొటో సరిగ్గానే ఉన్నా మళ్లీ సర్దాను.

"అసలుది తెచ్చి ఎట్టు."

"నేదమ్మా. దాని మీదే సేవ్ సేసీసేను."

హేమ ఏడవలేదు. నా సంచిలో మిగిలిన చిన్న ఫొటోలు తిరగేసి ఒకటి లాగింది. నాటకం అయ్యాక అందరూ వరసగా నిలబడి దండం పెడుతున్న ఫొటో. మందలో ఫొటో కదా అని దాన్ని నేను ముట్టుకోలేదు. చివర్లో హేమ, మినపగింజంత ముఖం, దాని రంగులో అది.

"నా చోట ఇది పెట్టండి," అని టీచరమ్మకిచ్చింది.

"నీ ముఖమే కనపడదు కదమ్మా?"

"పర్లేదు. అది నేనే."

పెద్దది దింపి చిన్నది తగిలించాను. నేను స్టూలు మీద ఉన్నంతసేపూ పడకుండా పట్టుకుంది గానీ, తలెత్తి నాకేసి చూడలేదు.

పెద్ద ఫొటో ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చున్నాను. కాయితం చుట్టడానికి కూడా మనసొప్పక అలాగే తెచ్చాను. పక్క సీట్లో ఒక బర్మా పెద్దావిడ తొంగిచూసింది.

"ఎంత తెల్లగా ఉందో! మీ అమ్మాయా?"

"కాదండీ," అన్నాను.