రంగులేని చుక్క

ఇన్‌స్పెక్టరమ్మ ఎవరినీ నమ్మదు. ఇది గిట్టనివాళ్లు వేసిన నింద కాదు, ఆమే గర్వంగా చెప్పుకునే సంగతి. తూనికలు కొలతల శాఖలో ఇరవై రెండేళ్ల సర్వీసు ఆమెది. పళ్లెం అడుగున అతికించిన అయస్కాంతాలు, లోపల డొల్ల చేసిన తూకపు రాళ్లు, మీట నొక్కితే అంకె మార్చే కాటాలు చూసి చూసి ఆమె కళ్లు అలా తయారయ్యాయి. పొద్దున్నే నడకకి వెళ్లొచ్చానని భర్త చెప్పినా ముందు ఆయన బూట్ల వైపు చూస్తుంది. ఆయన పాపం అలవాటు పడిపోయాడు. నడవని రోజున బూట్లకి కాస్త మట్టి అంటించుకుని మరీ వస్తాడు.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక వ్యాపారి ఆమెను నలుగురిలో నవ్వులపాలు చేశాడు. ఆమె సీలు వేసిన దొంగ కాటాని మాయం చేసి, దాని స్టిక్కరు ఊడదీసి మంచి కాటాకి అతికించి, విచారణలో అందరి ముందూ పెట్టాడు. అప్పటినుంచి ఆమె స్టిక్కర్లనీ నంబర్లనీ నమ్మడం మానేసి, చేతిసంచిలో రంగులేని నెయిల్‌పాలిష్ సీసా ఒకటి వేసుకుని తిరుగుతుంది. పట్టుకున్న ప్రతి వస్తువుకీ, ఎవరి చూపూ పడని లోపలి చోట, ఆవగింజంత చుక్క పెడుతుంది. మామూలుగా చూస్తే కనబడదు. టార్చి ఏటవాలుగా వేస్తే తళుక్కుమంటుంది. మార్చిన సరుకుని ఆ చుక్క సాక్ష్యంతో ఎన్నిసార్లు పట్టుకుందో లెక్కలేదు. ఈ అలవాటు ఆఫీసు గుమ్మం దగ్గరే ఆగిపోయి ఉంటే బాగుండేది.

ఇలాంటి మనిషిని ఎవరు రమ్మంటారు? ఆమె బజారు మొదట్లో కనబడగానే కొట్లవాళ్లు గబగబా కాటాలు తుడుస్తారు. చుట్టాల ఇంట్లో ఆమె వచ్చి కూర్చోగానే అప్పటిదాకా సాగిన కబుర్లు ఆగిపోతాయి. ఆమెను చూడగానే మొహం విప్పారేది లోకం మొత్తం మీద ఒక్క ఆడపడుచుకే. రెండు వీధుల అవతల ఒంటరిగా ఉంటూ, పెళ్లిళ్ల వీడియోలు ఎడిటింగ్ చేసి బతుకుతోంది ఆ అమ్మాయి. ఏడాది కిందట ఒక ఆదివారం వదినని తన కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, విమానం నడిపే ఆట పెట్టి, పక్కన నిలబడింది. ఇన్‌స్పెక్టరమ్మ నలభై ఎనిమిదేళ్ల వయసులో మేఘాల మీద ఎగిరి, దిగడం చేతకాక సముద్రంలో పడి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఆ రోజునుంచి ప్రతి ఆదివారం పది నుంచి పన్నెండు దాకా ఆమె అక్కడే ఉంటుంది. వారం మొత్తంలో ఆమె ఎవరినీ అనుమానించని గంటలు ఆ రెండే.

ఇద్దరూ ఒకే ఆకాశంలో పక్కపక్కన ఎగరాలంటే రెండు కంప్యూటర్లు కావాలి. రెడీమేడ్‌ది కొనొద్దని, విడివిడిగా భాగాలు కొని సొంతంగా కట్టుకుంటే లోపల ఏముందో నీ కళ్లతో నువ్వే చూసుకోవచ్చని ఆడపడుచు చెప్పింది. ఆ ఒక్క ముక్కకి ఇన్‌స్పెక్టరమ్మ పడిపోయింది.

అన్నిటికంటే ముఖ్యం గ్రాఫిక్స్ కార్డు. తెర మీద మేఘం మేఘంలా, సముద్రం సముద్రంలా కనబడేది దానివల్లే. రెండు నెలలు ఆమె ఆ ఒక్క వస్తువు గురించే చదివింది. ఏ కొట్టుకి వెళ్లినా వాళ్లని మూడు చెరువుల నీళ్లు తాగించింది. ఒకతను డబ్బా చూపించి ఈ కార్డు సరిపోతుంది మేడమ్ అంటే, ఏ ఆటకి, ఎంత స్క్రీనుకి, ఎవరు పరీక్ష చేశారని గుచ్చి గుచ్చి అడిగింది. పక్క డబ్బా మీద అదే పేరు, అదే నంబరు, మెమరీ మాత్రం సగం. ఒకే పేరుతో రెండు తూకాలు అమ్మితే మా శాఖ ఏం చేస్తుందో తెలుసా అంది. కంపెనీ పద్ధతే అంత మేడమ్ అని అతను నీళ్లు నమిలాడు. మూడు ఫ్యాన్ల కార్డొకటి చేతిలోకి తీసుకుని, డబ్బా మీద రాసినంత బరువు లేదని తేల్చి, లోపల పార్సిళ్లు తూచే కాటా తెప్పించింది. కార్డు సరిగ్గానే ఉంది, కాటాయే నాలుగు గ్రాములు తక్కువ చూపిస్తోంది. ఆ కొట్టువాళ్లు ఆమెను మళ్లీ రమ్మనలేదు.

చివరికి ఆడపడుచే దారి చూపించింది. తన పనికి పెద్ద కార్డొకటి కొనుక్కుంది కాబట్టి, రెండేళ్లు వాడిన పాతది వదినకి ఇస్తానంది. ఊరికే ఇస్తానంటే అనుమానం ఇంకా పెరుగుతుందని ఎరిగిన పిల్ల కాబట్టి సగం ధర చెప్పింది. అయినా ఇన్‌స్పెక్టరమ్మ మనసులో పురుగు కదలనే కదిలింది. బాగున్నదాన్ని ఎవరైనా ఎందుకు తీసేస్తారు?

ఒక సోమవారం సెలవు పెట్టి పరీక్షకి ఆడపడుచు ఇంటికి వెళ్లింది. పాత కార్డుని కంప్యూటరులో పెట్టించి గంటసేపు విమానం నడిపింది. వేడి ఎంతకి చేరిందో, ఫ్యాను ఎప్పుడు మోగిందో కాగితం మీద రాసుకుంది. ఎక్కడా వంక దొరకలేదు. ఆడపడుచు కార్డుని బయటికి తీసి బల్ల మీద పెట్టి, దుమ్ము దులిపి, చిప్పు మీద ఎండిపోయిన, వేడి లాగే పేస్టు తీసేసి కొత్తది రాసి ఇస్తానని, తక్కిన భాగాలు వచ్చేదాకా తన దగ్గరే ఉంచుతానని చెప్పి, టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది.

కార్డు వారం రోజులు తన కంటికి కనబడదు. పరీక్ష చేసినది ఒకటి, చేతికొచ్చేది ఇంకొకటి అయితే? ఇరవై రెండేళ్ల చెయ్యి దానంతటదే సంచిలోకి వెళ్లింది. కార్డు అడుగు అంచున, కంప్యూటరు బోర్డులోకి దిగి కూర్చునే చోట, బంగారు రంగులో సన్నటి పళ్ల వరస ఉంది. లోపలికి పోయే భాగం కనుక ఎవరూ చూడరు. చివరి రెండు మూడు పళ్ల మీద చుక్క పెట్టి, ఉఫ్ ఉఫ్ అని ఊది ఆరబెట్టి, టీ వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు కిటికీలోంచి వీధిలోకి చూస్తూ కూర్చుంది.

ఆదివారానికి భాగాలు బిగించే డబ్బా, బోర్డు, మెమరీ, కరెంటు యూనిట్ అన్నీ వచ్చాయి. ఆడపడుచు కార్డు తీసుకుని వచ్చాక, ఇన్‌స్పెక్టరమ్మ ఇంట్లో భోజనాల బల్ల మీద దుప్పటి పరిచి ముగ్గురూ కూర్చున్నారు. మరలు చిందరవందర కాకుండా భర్త సాసరు పట్టుకున్నాడు. ఆడపడుచు వైర్లు సర్దుతుంటే, ఇన్‌స్పెక్టరమ్మ కార్డు అందుకుని, కళ్లజోడు మర్చిపోయానంటూ కార్డుతో సహా పడగ్గదిలోకి వెళ్లింది. తలుపు చేరేసి టార్చి ఏటవాలుగా వేసింది. పళ్లు ఈ చివరినుంచి ఆ చివరిదాకా శుభ్రంగా ఉన్నాయి. చుక్క లేదు.

అన్నివైపులా తిప్పి చూసింది. అదే కంపెనీ, అదే మోడలు, అవే రెండు ఫ్యాన్లు. నెయిల్‌పాలిష్ దులిపితే పోయేది కాదు. అంటే కార్డు మారింది. లోకంలో తను అనుమానించని ఒకే ఒక్క మనిషి మార్చింది. ఆమెకి కోపం రాలేదు, ముందు ఏడుపొచ్చింది. మొహం కడుక్కుని వచ్చి కార్డు అందించింది.

కంప్యూటరు మొదటిసారికే వెలిగింది. విమానం అద్దంలాంటి తెర మీద ఎగిరింది. ఆడపడుచు చప్పట్లు కొట్టింది. ఆ వారమంతా ఇన్‌స్పెక్టరమ్మ ఆఫీసునుంచి రాగానే కంప్యూటరు ముందు కూర్చుని విమానాన్ని వదిలేసి వేడి అంకెలు చూసింది. పాత కాగితం పక్కన పెట్టుకుని పోల్చింది. ఒకచోట ఒక డిగ్రీ ఎక్కువ కనబడితే ఇదిగో అంది, మరోచోట రెండు డిగ్రీలు తగ్గితే ఇందులో ఏదో మతలబుంది అంది. బాగానే పని చేస్తోంది కదా అని భర్త గొణిగితే, బాగా పని చేసేదాన్ని తెచ్చి రహస్యంగా మార్చడమెందుకో చెప్పమని ఆయన్నే నిలదీసింది. దొంగతనం అర్థం కాకపోవడం ఆమె సర్వీసులో ఇదే మొదలు.

తర్వాతి ఆదివారం ఇద్దరూ ఎవరింట్లో వాళ్లు కూర్చుని, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొదటిసారి కలిసి ఎగిరారు. కుడివైపు చూడు వదినా, ఆ ఎర్రరెక్కల విమానం నేనే అని ఆడపడుచు గొంతు సంబరంగా వినిపించింది. ఏడాదిగా ఎదురుచూసిన క్షణమది. ఇన్‌స్పెక్టరమ్మ కుడివైపు చూసింది, ఎర్రరెక్కలు కనబడ్డాయి. ఎంత చక్కగా నటిస్తోందో అనుకుంది. పది నిమిషాలకే తలనొప్పని చెప్పి కట్టేసింది.

ఇక ఉగ్గబట్టుకోలేక శనివారం మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా తనిఖీకి బయల్దేరింది. వంక సిద్ధం చేసుకునే ఉంది, కంప్యూటరు డబ్బాలో మర వదులైంది, సన్న స్క్రూడ్రైవర్ కావాలి. ఆడపడుచు ఎవరితోనో ఫోనులో మాట్లాడుతూ, మొహం విప్పార్చుకునే తలుపు తీసి, బల్ల కింది సొరుగు చూపించింది. సొరుగులో స్క్రూడ్రైవర్లు పైనే ఉన్నాయి. ఇన్‌స్పెక్టరమ్మ చెయ్యి అడుగుదాకా వెళ్లింది. అక్కడ బుడగల కవరులో చుట్టిన కార్డొకటి ఉంది. తీసింది, టార్చి వేసింది. చివరి పళ్ల మీద చుక్క తళుక్కుమంది.

ఆడపడుచు ఫోను పెట్టి వచ్చేసరికి ఆమె కార్డు చేతిలో పట్టుకుని గది మధ్యలో నిలబడి ఉంది.

"ఇది నా కార్డు. నాకిచ్చింది ఇది కాదు," అంది, కొట్లలో మాట్లాడే గొంతుతో.

ఆడపడుచు మొహం పాలిపోయింది. బుకాయించలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, అవునంది. వదిన పరీక్ష చేసి వెళ్లిన మర్నాడు పేస్టు మార్చి మళ్లీ పెడితే కంప్యూటరు ఆ కార్డుని అసలు గుర్తించలేదట. తీసి పెట్టింది, తుడిచింది, మళ్లీ పేస్టు రాసింది. రెండు రోజులు పని మానుకుని కుస్తీ పట్టింది. పేస్టు రాయడంలో తనే ఏదో చెడగొట్టానని అనుకుంది. అదే మోడలు పాతది ఎవరి దగ్గరుందో కనుక్కుంటూ, మూడు బస్సులు మారి వెళ్లి, తన డబ్బుతో కొనుక్కొచ్చింది. వదినకిచ్చింది అదే.

"నాకు ఫోను చేసి చెప్పొచ్చుగా."

"చెబితే నమ్మేదానివా?" అంది ఆడపడుచు. "సోమవారం నువ్వు వెళ్లేదాకా బాగుంది, మంగళవారం పాడైందంటే, ముందే పాడైందాన్ని అంటగట్టాననుకునేదానివి. నువ్వు అందర్నీ అలా చూస్తావు వదినా, నన్ను మాత్రం చూడవు. అది పోగొట్టుకోవడం ఇష్టంలేక దాచాను."

ఆడపడుచు తల ఎత్తింది. ఆమె చూపు వదిన చేతిలోని కార్డు మీద, టార్చి మీద ఆగింది.

"రెండూ ఒకే మోడలు, ఒకేలా ఉంటాయి. ఇది నీదని నీకెలా తెలిసింది?"

ఇరవై రెండేళ్లలో ఈ ప్రశ్నకి ఆమె ఎప్పుడూ తడబడలేదు. అబద్ధం చెబుదామనుకుంది కానీ ఈసారి ఏదీ తట్టలేదు. టార్చి మళ్లీ వేసి చుక్క చూపించింది. టీ పెట్టడానికి నువ్వు లోపలికి వెళ్లినప్పుడు, అంది. ఆ మాట బయటికి వస్తుండగానే, రెండు నెలలు చదివిన చదువంతా ఒక్కసారి ఆమెకి అర్థమైంది. ఆ పళ్లలోంచే కార్డుకీ బోర్డుకీ మధ్య సమస్తం నడుస్తుంది. వాటి మీద తను పెట్టింది కరెంటు దాటలేని పొర. కాటా పళ్లేనికి అడ్డం రాని చుక్క ఇక్కడ అడ్డం వచ్చింది.

ఆడపడుచు అలమారలోంచి నెయిల్‌పాలిష్ తుడిచే సీసా, దూది తెచ్చి, పళ్లు ఒక్కొక్కటే తుడిచింది. పెద్ద కార్డు ఊడదీసి దీన్ని పెట్టింది. బటన్ నొక్కగానే తెర నిండా వెలుగొచ్చింది. ఇద్దరూ ఆ తెర వైపే చూస్తూ ఉండిపోయారు.

"మా ఇంట్లో ఇంకా వేటివేటికి పెట్టావు వదినా?"

ఇన్‌స్పెక్టరమ్మకి నేలలోకి కుంగిపోవాలనిపించింది. అయినా చెప్పింది. కిందటేడాది తను అరువిచ్చిన మిక్సీకి. చలికాలంలో అల్లుకోమని తను ఈ పిల్లకి ఇచ్చిన ఊలు సంచి జిప్పుకి. అత్తగారు పోయాక పంచుకున్నప్పుడు ఈ పిల్ల వంతుకి వచ్చిన వెండి గిన్నెకి, ఎందుకు పెట్టిందో ఇప్పుడు ఆలోచించినా తెలియదు. ఆడపడుచు ఒక్కొక్కటే తెచ్చి ముందు పెట్టింది. సీసా, దూది కూడా పెట్టింది. ఇన్‌స్పెక్టరమ్మ తల వంచుకుని తుడిచింది. గిన్నె దగ్గరికి వచ్చేసరికి చుక్క ఎక్కడుందో కళ్లనీళ్లకి కనబడక చాలాసేపు పట్టింది.

గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"రేపు ఆదివారం. నేను రావచ్చా?"

"రా వదినా," అంది ఆడపడుచు. తలుపు పట్టుకుని ఒక్క క్షణం ఆలోచించింది. "నీ చేతిసంచి మాత్రం లోపలికి రాగానే నా చేతికిచ్చెయ్."

ఆ మాట ఆమె నవ్వుతూ అనలేదు. ఇన్‌స్పెక్టరమ్మ సరేనని తలూపి మెట్లు దిగింది.