ప్లేఆఫ్స్ రోజున అత్తగారి పెద్దకర్మ

లింగరాజు కాలేజీలో బాస్కెట్‌బాల్ ఆడిన మూడేళ్ళూ బర్మాలోని పజుండౌంగ్ పేట తెలుగువాళ్ళలో ఒక్కరు కూడా ఆ గ్రౌండు వైపు వెళ్ళలేదు. మనిషి ఆరడుగుల నాలుగంగుళాలు కాబట్టి పెళ్ళిళ్ళలో పందిరికి రంగుకాగితాలు అంటించడానికి మాత్రం పిలిచేవాళ్ళు. అంతకుమించి అతని పొడుగుతో ఎవరికీ పని పడలేదు.

తర్వాత అతను మలేసియా వెళ్ళి, జీతానికి ఆడే ఒక క్లబ్బులో చేరాడు. రెండువేల మూడులో ఆ క్లబ్బు ప్లేఆఫ్స్‌కి వచ్చింది. ప్లేఆఫ్స్ అంటే ఏమిటో పజుండౌంగ్‌లో ఎవరికీ తెలియదు. అందరూ ఆడగా ఆడగా చివరికి నాలుగు జట్లు మిగులుతాయని, అందులో ఒకదాంట్లో మనవాడున్నాడని తెలిశాక, అది అందరికీ చిన్నప్పటినుంచీ తెలిసిన ఆటే అయింది.

"ఆడి మొదటి నిక్కరు కుట్టింది నాను," అన్నాడు టైలరు నరసింహం. "అప్పుడే రెండంగుళాలు లోపలికి మడతెట్టీసినాను. ఎదుగుతాడనీసి నాకు తెల్దేటి?"

"నీ నిక్కరుతో బంతి ఎగరదు," అన్నాడు ట్యూషన్లు చెప్పే సత్యారావు మాస్టారు. "కిటికీకి అడ్డంగా నిలబడి యెలుతురు ఆపీసేవాడు. బయటికి ఫోరా అన్నాను. బయటికెల్లి బంతి అట్టుకున్నాడు. మరి ఆణ్ణి బయటికి పంపింది ఎవులు?"

పాలమ్మే తాయారమ్మ ఆ ఎముకలన్నీ తన ఆవు పాలవేనంది. ఆవిడ కలిపే నీళ్ళ వాటా ఎంతో కూడా తేల్చాలని నరసింహం అన్నాడు. వాళ్ళిద్దరికీ రెండు రోజులు మాటల్లేవు.

కూర్మనాథానికి మాత్రం చెప్పుకోడానికి చిక్కు ఉంది. ఆయన గవర్నమెంటు ఆఫీసులో హెడ్ క్లర్కు, పెన్షనుకి ఇంకా రెండేళ్ళుంది. లింగరాజు కాలేజీలో ఉన్నప్పుడు ఆయన అతనితో అన్నమాట ఒక్కటే: "బంతి కూడెడతదేట్రా? గుమస్తా పరీచ్చ రాయి." ఆ మాటని ఇప్పుడు ఏం చెయ్యాలో వారం రోజులు ఆలోచించాడు. చివరికి దారి దొరికింది. "కావాలనే రెచ్చగొట్టినాను. ఆడిలో పౌరుషం రావాలనీసి," అని చెప్పుకున్నాడు. ఎవరూ నమ్మలేదు. దాంతో ఆయనకి పట్టుదల వచ్చింది. కలర్ టీవీ ఉంది, మేడమీద డిష్ ఉంది. లింగరాజు గెలిచిన ఆటని ఊరంతా ఎవరింట్లో చూసింది అంటే కూర్మనాథం ఇంట్లో అని చెప్పుకోవాలి. అంతే.

సెమీఫైనల్లో చెరి రెండు ఆటలు గెలిచారు. ఆఖరి ఆట ఆదివారం మధ్యాహ్నం రెండింటికి. కూర్మనాథం నలభైమందిని పిలిచేశాడు. పిలిచాక గుర్తొచ్చింది, ఐదుగురికి మించి ఒకచోట చేరాలంటే వార్డు ఆఫీసు పర్మిషను కావాలని. ముప్ఫై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఆయన ఒక్క రూలు కూడా తప్పలేదు. తప్పే ధైర్యం లేదు కాబట్టి.

గురువారం పొద్దున వార్డు ఆఫీసుకి వెళ్ళాడు. అక్కడ బర్మా గుమస్తా కో మిన్ ట్వే తల ఎత్తకుండానే జవాబు చెప్పాడు.

"ఆటలకా? అర్జీ పైకి వెళ్ళాలి. రెండు నెలలు."

"పూజ అయితే, సయా?" అన్నాడు కూర్మనాథం. బర్మాలో అయ్యగారిని సయా అంటారు.

"వారం ముందు ఇవ్వాలి."

"మరి ఆదివారమే కావాలంటే?"

"చావు సంబంధం అయితే ఇప్పుడే ముద్ర కొట్టి ఇస్తాం."

కూర్మనాథం నోట్లోంచి, ఆయన్ని అడక్కుండానే, "పెద్దకర్మ ఉంది సయా, మా వాళ్ళకి పదకొండో రోజు చేస్తారు," అన్నమాట వచ్చేసింది.

"ఎవరిది? మీ ఇంటి జాబితాలో పేరుండాలి. లేనివాళ్ళ కర్మ మీ ఇంట్లో చెయ్యడానికి వీల్లేదు."

ఏ ఇంట్లో ఎవరుంటారో వార్డు ఆఫీసు రాసి పెట్టుకునే ఆ జాబితాలో కూర్మనాథం ఇంటికి ఉన్నవి మూడే పేర్లు. ఒకటి తనది. రెండోది భార్య లక్ష్మీనరసమ్మది, ఆవిడ పోతే నలభైమందికీ వండే దిక్కు లేదు. మూడోది ఎనభై ఒక్కేళ్ళ అత్తగారు తులసమ్మది.

"తులసమ్మ," అన్నాడు. "పెగూలో చుట్టాలింటికెళ్ళి అక్కడే పోయింది. దహనం కూడా అక్కడే."

గుమస్తా జాబితా తీసి, స్కేలు పెట్టి, తులసమ్మ పేరు మీద ఎర్రసిరాతో గీత గీశాడు. వార్డు చైర్మన్ ఊ సాన్ ట్వే వచ్చి ముద్ర కొట్టాడు. ఆదివారం తానూ వస్తానని, ముసలావిడ ఎప్పుడూ నవ్వుతూ పలకరించేదని అన్నాడు. కూర్మనాథం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అబద్ధం బయటపడితే ఉద్యోగం పోతుంది. ఉద్యోగంతో పాటు పెన్షనూ పోతుంది. లింగరాజు మలేసియాలో గెలిచినా ఓడినా పెన్షను మాత్రం తిరిగి రాదు.

ఇంటికొచ్చి విషయం చెప్పేసరికి తులసమ్మ చింతపండు పిసుకుతోంది.

"నన్ను సంపీసినావా, అల్లుడా?"

"కాయితం మీదే అత్తా."

"కాయితం మీద ఎన్నాళ్ళయిందేటి?"

"ఆదివారానికి పదకొండు రోజులు."

"మరి ఇన్నాళ్ళూ నాతో సెప్పలేదేటి?"

లక్ష్మీనరసమ్మ పొయ్యి దగ్గరనుంచి లేచింది. "మా అమ్మే దొరికిందేటండీ మీకు?"

"మీ అమ్మ కాపోతే నువ్వు. గారెలెవులు వొండుతారు మరి?"

ఆవిడకి మాట సమంజసంగానే తోచినట్టుంది. మినప్పప్పు నానబోయడానికి వెళ్ళింది.

తులసమ్మకి ఒక్కటే పట్టింపు వచ్చింది. దండ వెయ్యడానికి అల్లుడు తీసిన ఫోటోలో తను కళ్ళు మూసుకుని ఉంది. "సచ్చినట్టున్నాను అందులో," అని విసుక్కుని, కూతురి పెళ్ళినాటి ఫోటో తనే వెతికి ఇచ్చింది. దానికి దండ వేసి టీవీ మీద పెట్టారు.

ఆదివారం ఒంటిగంటన్నరకి నలభైమందీ తెల్లబట్టల్లో వచ్చారు. కూర్మనాథం అందరినీ చాపలమీద కూచోబెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"చప్పట్లు కొట్టకండి. ఈలలెయ్యకండి. మనోడు బుట్టలో ఏస్తే ఏడవండి."

"అవతలోడు ఏస్తే?" అన్నాడు నరసింహం.

"అప్పుడూ ఏడవండి. అప్పుడు ఎలాగా వస్తాది కదా."

తులసమ్మని వంటింట్లో తెర వెనక కూచోబెట్టారు. ఊపిరి కూడా గట్టిగా పీల్చొద్దని చెప్పారు. ఆవిడ సరేనంది, కాకపోతే ఎంతకెంతో ఎప్పటికప్పుడు వచ్చి చెప్పాలంది.

ఆట పావువంతు అయ్యేసరికి ఊ సాన్ ట్వే బిస్కట్ల డబ్బాతో వచ్చాడు. ముందున్న కుర్చీలో కూచుని, ఫోటోకి దణ్ణం పెట్టాడు. దాని కింద పదిమంది మనుషులు బనీన్లు వేసుకుని పరిగెత్తడం గమనించాడు.

"టీవీ ఎందుకు?" అన్నాడు.

కూర్మనాథం ఫోటో మీద దండ సర్దాడు. "ఆవిడ ఆఖరి కోరిక, సయా. ఈ ఆట పూర్తిగా చూపించమంది."

చైర్మన్ తలాడించాడు. "మావాళ్ళు చావింట్లో పేకాడతారు. మీవాళ్ళు బంతి చూస్తారన్నమాట."

లింగరాజు దూరంనుంచి ఒకటి వేశాడు. నలభైమందీ ఘొల్లుమన్నారు. సత్యారావు మాస్టారు నేలమీద గుద్దుకున్నాడు. తాయారమ్మ "అమ్మో నా తల్లీ, మూడు పాయింట్లే!" అంటూ తెలుగులో శోకాలు పెట్టింది. చైర్మన్ కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇంతమంది ఒక్కసారిగా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. నా భార్య పోయినప్పుడు కూడా."

"అందరికీ కావలసిన మనిషి, సయా," అన్నాడు కూర్మనాథం. అంటూనే సందు చూసుకుని వంటింట్లోకి వెళ్ళి, నాలుగు పాయింట్లు వెనకబడ్డామని తెరలోంచి చెప్పి వచ్చాడు.

ఆఖరి నిమిషంలో ఉండగా గుమ్మంలో దేముడమ్మ కనబడింది. దేముడమ్మ లింగరాజు తల్లి. బోటాటౌంగ్‌లో రేవు దగ్గర ఇడ్లీల బండి పెట్టుకుంది. ఆవిణ్ణి పిలవాలని ఎవరికీ తట్టలేదు. పర్మిషను నలభైమందికే ఇచ్చారు, నలభై చోట్లూ అతన్ని తయారుచేసినవాళ్ళతోనే నిండిపోయాయి. బండి దగ్గర ఇడ్లీలు తింటూ ఎవరో తులసమ్మ పెద్దకర్మ సంగతి చెబితే, నిజమనుకుని బండి మూసేసి, సంచిలో సోలెడు బియ్యం, నాలుగు వంకాయలు పెట్టుకుని వచ్చింది.

ఆవిడ టీవీ వంక చూడలేదు, ఫోటో వంక చూసింది. "ఓలమ్మా, ఎల్లిపోనావా తులసమ్మా! మొన్న మంగలవారం నా బండి కాడ రెండిడ్లీలు తిన్నావు కదే!" అని కుప్పకూలింది. ఆ గదిలో ఆ మధ్యాహ్నం కారిన అసలు కన్నీళ్ళు అవే. ఆవిడ ఆ మాటే బర్మాభాషలో చైర్మన్‌కీ చెప్పుకుని ఏడ్చింది. చైర్మన్ వేళ్ళు ముడిచి లెక్కేసుకున్నాడు. మొన్న మంగళవారానికి ఆవిడ పోయి ఆరు రోజులు అయి ఉండాలి.

దేముడమ్మ లేచి, తులసమ్మ కూతుర్ని పట్టుకుని ఏడవడానికి వంటింటి వైపు నడిచింది. కూర్మనాథం ఆపబోయాడు. సరిగ్గా అప్పుడే చైర్మన్ ఆయన పంచె చెంగు పట్టుకుని, "ఆగు, ఇప్పుడు ఆ పొడుగువాడు వేస్తే మీవాళ్ళు గెలుస్తారా?" అన్నాడు.

ఒక్క పాయింటు తక్కువుంది. మూడు సెకన్లున్నాయి. లింగరాజు చేతిలో బంతి ఉంది. ఎగిరాడు.

వంటింట్లోంచి కేక వినబడింది.

"బాబోయ్! తులసమ్మ దెయ్యం! గారె తింటన్నాది!"

బంతి బుట్టలో పడింది. నలభైమందీ ఏడవడం మరిచిపోయారు. లేచి గెంతారు, ఈలలేశారు, నరసింహం తాయారమ్మని ఎత్తి తిప్పాడు. టీవీలో ఒకడు లింగరాజు ముందు మైకు పెట్టి, నీ విజయం వెనక ఎవరున్నారని అడిగాడు. లింగరాజు నోరు తెరిచాడు. కరెంటు పోయింది.

సాయంత్రానికల్లా అతను ఎవరి పేరు చెప్పేవాడో నలభైమందికీ తెలుసు. నలభై పేర్లు.

చైర్మన్ మాత్రం ఇదేమీ పట్టించుకోకుండా వెళ్ళి వంటింటి తెర తీశాడు. తులసమ్మ చేతిలో సగం గారె ఉంది. చైర్మన్ ఆవిణ్ణి చూశాడు, ముందుగదిలో ఫోటో చూశాడు, మళ్ళీ ఆవిణ్ణి చూశాడు.

"ఈవిడ ఎవరు?"

"నాను..." అంటూ తులసమ్మ మొదలుపెట్టింది.

"చెల్లెలు, సయా!" కూర్మనాథం గొంతు కీచుమంది. "చచ్చిపోయినావిడ చెల్లెలు. కవలలు. పేరు చిలకమ్మ."

చైర్మన్ కూర్మనాథం జేబులోంచి పర్మిషను కాగితం తీసి చాలాసేపు చూశాడు. ఆయన తెలివితక్కువవాడేమీ కాదు. ఆ కాగితం మీద ఉన్నది ఆయన ముద్ర. ముసలావిడ బతికుంటే ముద్ర అబద్ధం, అబద్ధపు ముద్ర ఎందుకు కొట్టావని టౌన్‌షిప్ ఆఫీసు అడిగేది ఆయన్నే. మనిషి, ముద్ర, ఈ రెండింట్లో ఏది నిజమో తేల్చడం ఆయనకి కష్టం కాలేదు.

"అచ్చం అక్కలాగే ఉంది," అన్నాడు. "ఇంటి జాబితాలో పేరు లేదు కాబట్టి గెస్టు. రాత్రికి ఉంటుందా?"

"ఉంటుంది, సయా."

"అయితే చీకటి పడకముందే వార్డు ఆఫీసుకొచ్చి గెస్టుల జాబితాలో రాయించు. ఉన్నన్నాళ్ళూ రోజూ రాయించాలి. ఒక్కరోజు తప్పినా కేసు."

చెప్పి, పళ్ళెంలోంచి రెండు గారెలు తీసుకుని వెళ్ళిపోయాడు.

వంటింట్లో దేముడమ్మ ఇంకా గోడకి అతుక్కునే ఉంది. తులసమ్మ గిల్లి చూపించాక నమ్మింది.

"మీ గుంటడు గెలిచినాడే," అంది తులసమ్మ.

"గెలిస్తే గెలిచినాడు. నువ్వు సావలేదు కదా? ఆ బియ్యం ఇటియ్యి. వొంకాయలు కూడానూ." సంచి సర్దుకుని, బండి తెరవడానికి బోటాటౌంగ్ వెళ్ళిపోయింది.

ఆ రోజునుంచీ సాయంత్రం ఐదున్నర అయితే చాలు, తులసమ్మ వీధరుగు మీద కూచుని కేక వేస్తుంది. "అల్లుడా, పొద్దుపోతంది. నన్ను రాయించుకు రా." ఎవరు ఏ పని చెప్పినా చెయ్యడం మానేసింది. చింతపండు పిసకమంటే, "సచ్చినోల్ల చేత పని సేయిస్తారేటి?" అంటుంది. కందిపొడిలో ఉప్పెక్కువైందని అల్లుడు అంటే, "గెస్టుని అలగ అంటారేటి?" అంటుంది.

మూడు వారాల తర్వాత లింగరాజు క్లబ్బుకి ఫైనల్ వచ్చింది. ఆట సాయంత్రం ఆరింటికి. ఈసారి నరసింహం బుద్ధిగా వారం ముందే అర్జీ పెట్టి, సత్యనారాయణ వ్రతమని పర్మిషను తెచ్చుకున్నాడు. నలభైమందీ అక్కడికే వెళ్ళారు. వ్రతం కాబట్టి అరవొచ్చు కూడాను.

కూర్మనాథం వార్డు ఆఫీసు క్యూలో పద్నాలుగోవాడిగా నిలబడ్డాడు. రెండు వీధుల అవతలనుంచి పెద్ద కేక వినబడింది. గెలిచారో, ఇంకా ఆడుతూనే ఉన్నారో తెలియలేదు. వంతు వచ్చాక కో మిన్ ట్వే పుస్తకం తిప్పాడు. చిలకమ్మ, వయసు ఎనభై ఒకటి, వచ్చిన పని అన్నచోట మొదటి వారం సంతాపమని ఉంది, రెండో వారం వైద్యమని ఉంది. ఈ వారం ఏం రాయాలో గుమస్తాకి కూడా తోచలేదు.

"ఇంకా ఎన్నాళ్ళుంటుంది మీ గెస్టు?"

"ఆరోగ్యం బాగానే ఉంది, సయా," అన్నాడు కూర్మనాథం దిగులుగా.