తొమ్మిది కురచ నెయిళ్లు

ఇంజినీర్లంటే నాకు మొదటినుంచీ గిట్టదు. ముప్పై ఏళ్లు బోరుబావులు వేసి, ఇప్పుడు వర్తూరులో గోడలకు నెయిళ్లు దించుతున్న నాకు, కాగితం చూసి మట్టి సంగతి చెప్పేవాడంటే ఒళ్లు మంట. ఆనందరావు సార్ ఒక్కడే వేరు. మట్టిని చేత్తో నలిపి చూశాకే మాట్లాడేవాడు.

అపార్ట్‌మెంటు బేస్‌మెంటు కోసం ముప్పై అడుగుల గుంత తీస్తున్నాం. నిలువుగా కోసిన మట్టి జారకుండా, దానిలోకి ఏటవాలుగా రంధ్రాలు చేసి, ఎనిమిది మీటర్ల ఇనుప కడ్డీలు దూర్చి, చుట్టూ సిమెంటు పాలు పోస్తాం. వాటినే నెయిళ్లంటాం. పైన ఇనుప జాలీ కట్టి కాంక్రీటు కొడితే గోడ నిలుస్తుంది. తూర్పు గోడకు ఆనుకుని చర్చివాళ్ల సమాధుల తోట ఉంది. నెయిళ్లు దాని కిందికి పోవాలి. పాస్టర్ శామ్యూల్ సరేనన్నాడు.

ఆ తోటలో, గోడకు దగ్గరి వరసలోనే, ఆనందరావు సార్ భార్య లీలావతమ్మ సమాధి. ఆమె నర్సు. పోయి రెండేళ్లయింది. వేరేవాళ్లయితే అడ్డదిడ్డంగా తవ్వుతారని, ఆయన కంపెనీని బతిమాలి మరీ ఈ పని తీసుకున్నాడు.

తూర్పు గోడ మొదలైన రోజు ఎర్ర రంగుతో గుర్తులు పెట్టుకుంటూ వచ్చి, ఒకచోట ఆగాడు.

"మేస్త్రీ, ఈ తొమ్మిదీ రెండు మీటర్లు చాలు."

"గోడంతా ఎనిమిది ఉండాది, ఇక్కడ రెండేమి సార్? సుమ్నే, ఊరికే రిస్కు ఏల? నెయిలు పెట్టెకు తగలదు, శానా కిందుగా పోతాది."

"తగలదని తెలుసు." ఆయన నా మొహం చూడలేదు. "ఆవిడకి నడుం నొప్పి మేస్త్రీ. ఇరవై ఏళ్లు నైట్ డ్యూటీలు చేసింది. పరుపు కొంచెం ఎగుడుదిగుడుగా ఉన్నా నిద్రపట్టేది కాదు. ఆవిడ కింద ఇనుము ఎలా పెట్టించను?"

"మట్టికి అదంతా తెలీదు సార్."

"పక్కవి ఉన్నాయిగా. అవి పట్టుకుంటాయి."

లెక్క నాకంటే ఆయనకే బాగా తెలుసు. ఆయన భోజనానికి వెళ్లినప్పుడు పూర్తి కడ్డీలు దించేసి ఉండొచ్చు. అనుకున్నాను కూడా. ఆ మొహం గుర్తొచ్చి చెయ్యి రాలేదు. కురచగానే వేశాను. ఆ పాపంలో సగం నాది.

అక్టోబరులో వాన నాలుగు రోజులు వదల్లేదు. ఐదో రోజు పొద్దున చూస్తే, సరిగ్గా ఆ తొమ్మిదింటి మేర గోడ ఉబ్బి ఉంది. మిగతాది చెక్కుచెదరలేదు. కూలీలందరినీ పైకి రమ్మని కేక వేశాను. ఆనందరావు సార్ పరుగెత్తుకొచ్చి, ఇసక బస్తాలు ఆనించమని అరిచాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది. మా కళ్లముందే మట్టి జారింది. దానితోపాటు సున్నం వేసిన సమాధి, శిలువ, పెట్టె, అన్నీ గుంతలోకి వచ్చేశాయి.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. నేను పట్టుకున్నా ఆగకుండా ఆయన కిందికి దిగాడు. బురదలో మోకాళ్ల మీద కూర్చుని, పగిలిన పెట్టె మీద తన రెయిన్‌కోటు కప్పాడు. "లీలా, ఒక్క నిమిషం... ఒక్క నిమిషం" అంటూనే ఉన్నాడు. అరవై ఏళ్లవాణ్ణి, కూలీల ముందు ఏడ్చేశాను.

శామ్యూల్ ఆ సాయంత్రమే ప్రార్థన చేసి, ఆమెను గోడకు దూరంగా, గేటు పక్కన పూడ్పించాడు. తప్పు తనదేనని ఆనందరావు సార్ కంపెనీకి రాసిచ్చాడు. నా పేరు ఎత్తలేదు. ఆయన్ను పనిలోంచి తీసేస్తూ, కొత్త ఇంజినీరు వచ్చేదాకా పడిన గోడ బాగుచేయించమన్నారు.

మట్టి నింపి గట్టిచేసిన చోట ఆయన మళ్లీ తొమ్మిది గుర్తులు పెట్టాడు.

"ఎన్ని మీటర్లు సార్?"

"ఎనిమిది. ఇప్పుడక్కడ ఎవరూ లేరు కదా."

మొదటి కడ్డీ చివరిదాకా పోయింది. బయట మిగిలిన కొసను ఆయన పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"అప్పుడే ఇలా వేసుంటే ఆవిడకి తెలిసేదా మేస్త్రీ?"

పోయిన మనిషికి ఏం తెలుస్తుంది?

"తెలిసేది సార్" అన్నాను. "శానా నొప్పి పెట్టుండేది."

ఆయన తల ఊపి, రెండో కడ్డీ అందించాడు.