మొగిలి ముఖం

ఇస్మాయిల్‌కు జనగామలో బైకు సీట్లు కుట్టే దుకాణం ఉంది. గిటారు అతనికి ఎవరూ నేర్పలేదు. ఫోన్లో వీడియోలు చూసి, వేళ్లు కాయలు కాసేదాకా తానే నేర్చుకున్నాడు. బొమ్మలు వేయడమూ అంతే. గిరాకీ లేనప్పుడు దుకాణం గోడల మీద భార్య గజాలా ముఖం, రైలు గేటు దగ్గర ఆగిన జనం, ఇలా తోచింది వేసేవాడు.

మార్తమ్మ రాసిన నవల చదివాక ఆ చేతులకు ఒక పని దొరికింది. ఆమె మహబూబాబాద్‌లో టీచరు. రేగొండ దగ్గరి ఒక వాగులో జరిగిన హత్య మీద నవల రాసింది. అందులో చనిపోయినవాడి పేరు మార్చింది. అసలు పేరు వాల్యా. వాగులో ఇసుక తోడేస్తుంటే తండా బోర్లు ఎండిపోతున్నాయని ట్రాక్టర్లకు అడ్డం నిలబడ్డాడు. పారలతో కొట్టి పడేశారు. మోకాళ్లు విరిగి పాకుతున్నవాడి మీదుగా ట్రాక్టరు నడిపించారు. వెనక్కి తీసి మళ్లీ నడిపించారు. సద్ది పట్టుకుని వెళ్లిన అక్క జమ్లీ, చేతి కడియం చూసి తమ్ముణ్ణి గుర్తుపట్టింది. ట్రాక్టర్ల యజమాని మొగిలిని అరెస్టు చేశారు. కొన్నాళ్లకే బెయిలు మీద వచ్చాడు. చూసినవాళ్లు ఒక్కరూ నోరు విప్పలేదు.

జమ్లీ మంచి పాటగత్తె. ఆ నవలను వాళ్లు ఊరూరా ఆటగా వేశారు. వేదిక మీద మార్తమ్మ నవల పుటలు చదువుతుంటే, ఆమె తన లంబాడీ భాషలో తమ్ముడి కోసం ఏడుపు పాట ఎత్తుకునేది. పాలకుర్తి నుంచి వచ్చిన ఓదెలు డప్పు కొట్టేవాడు. ఇస్మాయిల్ వెనక నుంచి మెల్లగా గిటారు వాయించి, హత్య ఘట్టం రాగానే దాన్ని పక్కన పెట్టి, వేదిక మీద కట్టిన తెల్లగుడ్డపై అందరి ముందే ఆ బొమ్మ వేసేవాడు. జనగామలో చూసినవాళ్లు లేచి నిలబడ్డారు. మహబూబాబాద్‌లో ఆడవాళ్లు జమ్లీని పట్టుకుని ఏడ్చారు.

బొమ్మలో అందరికీ ముఖాలుండేవి. ట్రాక్టరు పక్కన నిలబడి నడిపించమని చెయ్యి చూపేవాడికి మాత్రం ఉండేది కాదు.

మహబూబాబాద్‌లో ఆట అయ్యాక జమ్లీ అడిగింది. "అందరికి కండ్లు, ముక్కు పెడ్తవు. వానికెందుకు పెట్టవు అన్నా?"

ఇస్మాయిల్ మార్తమ్మ వైపు చూశాడు.

"పెడితే కేసు మన మీదికే వస్తది బిడ్డా," అంది మార్తమ్మ. "కోర్టుల తేలనీయి."

"కోర్టుల తేలేదాంక నా తమ్ముణ్ణి ఎవ్వడు సంపనట్టేనా?"



రేగొండలో అంగడి రోజు పొద్దున్నే టెంటు వేశారు. ఎండ ముదిరేసరికి జనం నిండారు. పాట మొదలయ్యాక మొగిలి వచ్చాడు. వెంట నలుగురు మనుషులు. ముందు వరుసలో కూర్చున్న ముసలాయనను లేపి ఆ కుర్చీలో కూర్చుని, కాలు మీద కాలు వేసుకున్నాడు. పొట్లం విప్పి మిర్చీలు తింటూ జమ్లీని చూసి నవ్వాడు.

జమ్లీ గొంతు పాట మధ్యలో ఆగిపోయింది. మార్తమ్మ చదవడం ఆపి పుస్తకాన్ని గుండెకు హత్తుకుంది. ఇస్మాయిల్ అప్పటికే కుంచె పట్టుకుని ఉన్నాడు. మొగిలిని ఒకసారి తేరిపార చూసి గుడ్డ వైపు తిరిగాడు. పొట్టి మెడ, చీలిన కనుబొమ్మ, మిర్చీ నములుతున్న దవడ. గుడ్డ మీది ముఖం లేనివాడికి చకచకా వేశాడు. జనంలో ముందు గుసగుస మొదలైంది. తర్వాత ఎవరో అరిచారు. "అరే, మొగిలి!"

మొగిలి కుర్చీ తన్నేసి వేదిక ఎక్కాడు. అతని మనిషి ఒకడు టెంటు కర్ర పీకి ఓదెలు మూతి మీద కొట్టాడు. ఓదెలు రెండు చేతులతో నోరు మూసుకుంటే వేళ్ల సందుల్లోంచి పళ్లు, రక్తం రాలాయి. ఇంకొకడు ఇస్మాయిల్ ఎడమ చేతిని వేదిక అంచున పెట్టి ఇనుప పైపుతో బాదాడు. రెండు వేళ్లు విరిగాయి. మార్తమ్మ అడ్డం వస్తే ఛాతీ మీద తన్నారు. మొగిలి జమ్లీని జుట్టు పట్టి ఈడ్చి, ఆమె నుదురును స్పీకరు పెట్టె మూలకేసి కొట్టాడు.

"నీ తమ్ముణ్ణి తొక్కిచ్చినట్టే తొక్కిస్త! ఎవ్వడొస్తడో రమ్మను!"

పడి ఉన్న మైకు ఆ మాటను అంగడంతా వినిపించింది.

ఇస్మాయిల్ కుడి చేతికి గిటారు మెడ దొరికింది. లేచి మొగిలి చెవి మీద కొట్టాడు. గిటారు పగిలిపోయింది. చేతిలో మిగిలిన చీలిన కర్రతో అతని కంట్లో పొడిచాడు. మొగిలి వెల్లకిలా పడ్డాడు. ఇస్మాయిల్ అతని ఛాతీ మీద కూర్చున్నాడు. తెగిన తీగలు మొగిలి చెంపను చీలుస్తున్నాయి. కొట్టాడు. మళ్లీ కొట్టాడు. కింద ముఖం మెత్తబడుతుంటే ఇస్మాయిల్ చేతిలోకి ఇంకా బలం వచ్చింది. జనం తమ మీద పడటం చూసి మొగిలి మనుషులు పారిపోయారు.

"ఇడువు అన్నా! సస్తడు!" నుదుటి రక్తం కళ్లలోకి కారుతుంటే జమ్లీ అతన్ని వెనక నుంచి లాగింది. అతను వదల్లేదు. ఆమె వంగి అతని మణికట్టు గట్టిగా కొరికింది. అప్పుడు వదిలాడు.

భూపాలపల్లి దవాఖానలో మొగిలినీ, ఇస్మాయిల్‌నూ చేర్చారు. మొగిలి కన్ను పోయింది. ఇస్మాయిల్ వేళ్లు వంకరగా అతుక్కున్నాయి. కట్టు విప్పగానే అతన్ని జైలుకు పంపారు. అయితే మొగిలి అరిచిన మాట ఎందరి ఫోన్లలోనో రికార్డయింది. కోర్టు అతని బెయిలు రద్దు చేసింది. ఇస్మాయిల్‌కు ఆలస్యంగా బెయిలు వచ్చింది. రెండు కేసులూ ఇంకా నడుస్తున్నాయి.

ఇంటికొచ్చాక గజాలా ఫోన్లో ఆ వీడియో తెరిచి అతని ముందు పెట్టింది. "గిది నువ్వేనా?" అంది. ఇస్మాయిల్ తల వంచుకున్నాడు. కొన్నాళ్లపాటు ఆమె అతని కుడి చెయ్యి తగిలితే పక్కకు జరిగేది.

వానలు పడ్డాక మార్తమ్మ, జమ్లీ దుకాణానికి వచ్చారు. జమ్లీ నుదుటి మీద కుట్ల గాయం మానింది.

"రెండో పుస్తకం రాస్తున్న," అంది మార్తమ్మ. "జమ్లీని నువ్వెట్ల కాపాడినవో అందుల రావాలె."

ఇస్మాయిల్ మిషను ఆపాడు. "మొదటి దెబ్బ జమ్లీ కోసమే మేడం. మిగిలినయి నా కోసం కొట్టిన. కొడ్తుంటే మంచిగనిపించింది. రాస్తే అట్లనే రాయుండ్రి. నన్ను మంచోని లెక్క రాయకుండ్రి."

మార్తమ్మ జమ్లీ వైపు చూసింది.

"నాకు గూడ మంచిగనే అనిపించింది," అంది జమ్లీ మెల్లగా. "సూసుకుంట నిలవడ్డ జరసేపు. తర్వాత నాకే బయమైంది అన్నా. అందుకే కొరికిన."

ఇస్మాయిల్ ఆమె ముఖంలోకి చూశాడు. జైలు నుంచి వచ్చాక అతనికి మొదటిసారి ఏడుపు వచ్చింది.