అవ్వగోలేమో చారు

గ్రేసు తన మొగుడికి కోడికూరలో కార్బైడు కలిపి పెడుతోందట. పక్కింటి చంద్రవ్వ అన్నదని పాలు పోసే లింబయ్య చెప్పాడు, లింబయ్య చెప్పాడని బాలనర్సయ్య పెండ్లాం చెప్పింది. బోరింగు దగ్గర బిందె నిండేలోపు ఆ మాట తిరిగి తిరిగి గ్రేసు చెవినే పడింది. మామిడికాయలు మాగబెట్టే మందు మనిషికి పెడితే మనిషీ మాగుతాడని, మాగినవాడు ఎన్నాళ్లో నిలవడని చంద్రవ్వ విడమరిచి కూడా చెప్పిందట.

గ్రేసుకు కోపం రావాల్సింది. రాలేదు. ఎందుకంటే చంద్రవ్వ పూర్తిగా అబద్ధం ఆడలేదు. ఫోనులో బిడ్డ రజిని "లో కార్బ్, లో కార్బ్" అని అరవడం, అది గోడ అవతల చంద్రవ్వకు వినబడడం రెండూ నిజమే. ఆ కార్బ్ అంటే ఏమిటో గ్రేసుకే సగం తెలుసు, సగం తెలియదు.

సంగతేమిటంటే, గ్రేసు మొగుడు పాల్ రాజ్ నెల కింద రుద్రూర్ వైపు చెరుకు కొట్టడానికి పోయి కాలి బొటనవేలి పక్కన చెరుకు మోడు దింపుకొని వచ్చాడు. ముప్పై ఏళ్ల చెరుకు పనిలో అలాంటివి ఎన్నో దిగాయి. పసుపు అద్దితే మూడో రోజుకు మానేవి. ఈసారిది మానలేదు. బోధన్‌లో డాక్టరు రక్తం చూసి, "ఊళ్ల చెరుకంతా నీ ఒంట్లనే గానుగాడుతున్నదయ్యా" అన్నాడు. మాత్రలు మార్చాడు. పరగడుపు షుగరు మూడువందల పన్నెండు ఉంది, పదిహేను రోజుల్లో రెండువందల లోపుకు దించుకొని రమ్మన్నాడు. దిగితే పుండు మానుతుంది. దిగకపోతే వేలు తీసెయ్యక తప్పదు.

రజిని నిజామాబాద్‌లో నర్సు. డాక్టరు మాట వినగానే ఇంట్లో అన్నం బంద్ పెట్టించింది. అక్కడే పేచీ వచ్చింది.

"అన్నం లేని అన్నం ఎట్ల తినాలె?" అన్నాడు పాల్ రాజ్. కాల్చిన కోడిముక్క గొంతులో అడ్డం పడిందన్నాడు. ఉడికిన గుడ్లు చూస్తేనే కడుపులో తిప్పిందన్నాడు. ఏదో ఒకటి పలచగా, జుర్రుకోవడానికి ఉండాలన్నాడు. అప్పుడు రజిని ఎక్కడో వెతికి వెతికి ఈ వంట పట్టింది.

"అమ్మా, గిది గ్రీకు దేశపోళ్ల పాత వంట. కోడి, గుడ్డు, నిమ్మకాయ. ఆళ్లు అండ్ల బియ్యం ఏస్తరు. మనం బియ్యం తీసేసి గోబీ పువ్వు కోరి ఏద్దాం. బియ్యం లెక్కనే ఉంటది."

"పేరేందే?"

"అవ్‌గోలెమోనో."

"అవ్వ గోలేమో?"

"ఆ, అట్లనే అనుకో. ఏ అవ్వ గోలైతేంది, బాపు షుగర్ దిగాలె."

గ్రేసుకు గ్రీకుల గురించి తెలిసిందంతా ఆదివారం ఆరాధనలో తెలిసిందే. కొరింథు, ఫిలిప్పీ, థెస్సలొనీక, పౌలు ఉత్తరాలు రాసిన ఊళ్లు. ఆ ఊళ్లలో పొయ్యిలు ఉంటాయని, పొయ్యి మీద కోడి ఉడుకుతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఇప్పుడు అనుకుంది, ధైర్యం వచ్చింది.

"పౌలు భక్తుడు తిరిగిన ఊర్లేనయ్యా గవన్ని. ఆయన గూడ గిదే తిని ఉంటడు. నీకు ఆయన పేరే పెట్టిరి గద."

"ఆయన ఒంట్ల గూడ ముల్లున్నదని బైబిల్ల ఉన్నదంటరు. మరి పోయిందా?"

"పోలే," అనేసి గ్రేసు నాలుక కరుచుకుంది.

మొదటి రోజు కోడి ముక్కలు మెత్తగా ఉడికించి, గుడ్లు నిమ్మరసంతో గిలక్కొట్టి, అంతా ఒక్కసారే మరిగే నీళ్లలో గుమ్మరించింది. పాలు విరిగినట్టు గుడ్డు విరిగి పీచులు పీచులుగా తేలింది. రజినికి ఫోన్ చేసింది.

"గట్ల కాదమ్మా. గంటెతోని వేడినీళ్లు జెర జెర గుడ్డుల పొయ్యి. కొత్త కోడలికి అత్తగారిల్లు అలవాటు చేసినట్టు, మెల్లగ."

"నాకు మీ నాయినమ్మ గట్ల మెల్లగ చేసిందా?" అన్నది గానీ, రెండోసారి అలాగే చేసింది. పసుపు వెయ్యకుండానే లేత పసుపు రంగులో, గంజిలా నున్నగా వచ్చింది చారు. కోరిన గోబీ అందులో నూకల్లా కదిలింది. చెంచాతో రుచి చూసి కళ్లు చిట్లించింది. రెండు నిమ్మకాయల పులుపు! పులుపుకు విరుగుడు పడనిదే పులుసు పులుసు కాదని ఆమె కంటే ముందు ఆమె చేతికి తెలుసు. చెయ్యి దాని పని అది చేసుకుంది.

పాల్ రాజ్ ముందు గిన్నెలోకి తొంగి చూశాడు. "గిది చారా? కూరా? దవాఖాన్ల ఇచ్చే టానిక్కా?" అన్నాడు. ఒక బుక్క తాగాడు. ఆగాడు. ఇంకో బుక్క తాగాడు. గిన్నె ఖాళీ చేసి, "కొరింథోళ్లకు తెలివున్నది," అని మళ్లీ గిన్నె చాపాడు.

ఆ రోజు మొదలు పూటపూటకూ అదే వంట. పొద్దున్నే రజిని కొనిచ్చిన మీటరుతో వేలు పొడిచి అంకె చూడడం, గ్రేసు పరేషాన్ కావడం. మూడువందల తొమ్మిది. మూడువందల పద్దెనిమిది. మూడువందల ఇరవై ఆరు. ఒక్క మెతుకు ముట్టని మనిషికి షుగరు ఎక్కడిది? గోబీకి కొట్టిన మందుల వల్లనేమోనని ఉప్పునీళ్లలో గంట నానబెట్టింది. ఫారం కోడి మంచిది కాదని నాటుకోడి తెప్పించింది. మీటరుకే రోగం వచ్చిందేమోనని తన వేలు పొడుచుకుంది. తొంభై ఎనిమిది. మీటరుకు ఏమీ కాలేదు. చంద్రవ్వ అన్నట్టు ఈ కార్బైడు అనేది నిజంగానే చారులో పడుతోందా అని ఒకనాడు ఉప్పు డబ్బా, మిరియాల డబ్బా మూతలు తీసి వాసన చూసింది.

"బాపు చాటుకు చెరుకు నములుతున్నడేమో సూడమ్మా," అంది రజిని.

"కాలు కింద పెట్టనిస్తలేను. మంచం మీద చెరుకు మొలిచిందా?"

పదోనాడు ఆదివారం. ఇంకా అయిదు రోజులే మిగిలాయి. రజిని బస్సు దిగి నేరుగా వంటింట్లోకి వచ్చింది. వెనకే, పిలవకపోయినా, చంద్రవ్వ గడపలో నిలబడింది. గ్రేసు గిన్నె నిండా చారు పోసి ఆమె చేతిలో పెట్టింది.

"తాగక్కా. తాగి సూడు, కార్బైడున్నదో లేదో. ఊరంత చెప్తివి గద."

చంద్రవ్వ అనుమానంగా నాలుక కొసకు తగిలించుకుంది. తర్వాత జుర్రింది. మూతి తుడుచుకుంది.

"ఏ కార్బైడే గిరేసూ! కమ్మగున్నది. బెల్లం మనూరిదేనా?"

రజిని తల తిప్పింది. "బెల్లమా? అమ్మా, గిండ్ల బెల్లమేసినవా?"

"నేనేడ ఏసిన? కోడి, గుడ్డు, నిమ్మకాయ, గోబీ. నువ్వు చెప్పినయే ఏసిన."

"మరి పులుపెట్ల విరిగింది?"

"ఎట్ల విరుగుతది? బెల్లంతోనే..." గ్రేసు నోరు సగంలో ఆగింది. "అది ఏసుడు గాదే. అది విరుగుడు. నిమ్మకాయకు నిమ్మకాయంత."

"రెండు నిమ్మకాయలకు?"

గ్రేసు రెండు వేళ్లు చూపించింది. రజిని పొయ్యి పక్కన పీట మీద కూలబడింది.

"రోజూ అడిగితి గదమ్మా, ఏమేమేసినవ్ అని!"

"నువ్వు చక్కెరేసినవా అని అడిగినవ్. ఎయ్యలే అన్న. తొమ్మిది దినాలు అంకె సూసి నేను ఏడుస్తనే ఉన్న, నీళ్లల్ల ఏమన్న తేడా ఉన్నదా అని."

గ్రేసు కళ్లు మంచం వైపు పోయాయి. తెల్లటి కట్టులోంచి బయటికి కనిపిస్తున్న బొటనవేలు కొస నల్లబడింది. పాల్ రాజ్ ఖాళీ గిన్నె ఒళ్లో పెట్టుకొని గోడ చూస్తున్నాడు.

రజిని లేచి మంచం దగ్గరికి పోయింది. "బాపూ, అమ్మకు సోయి లేదు సరే. తాగింది నువ్వు. తియ్యగున్నదని నీకన్న ఎర్క కాలేదా?"

"మొదటి బుక్కకే ఎర్కయింది," అన్నాడు పాల్ రాజ్. "చెప్తే తీసేస్తరని చెప్పలే."